ఒక్క బేరం మీద బతికే రేవు

జిబూటి గురించి ఎవరు రాసినా ముందు మ్యాపు పరుస్తారు. ఎర్ర సముద్రం దక్షిణాన సన్నటి బాబ్ ఎల్ మందెబ్ జలసంధి, దానికి అవతల యెమెన్, ఇవతల ఈ చిన్న దేశం, హిందూ మహాసముద్రం నుంచి సూయజ్ కాలువకు పోయే ఓడ ఏదైనా దీని పక్క నుంచే పోవాలి, అందుకే దీని దశ తిరిగింది, అందుకే అమెరికా, చైనా, ఫ్రాన్స్, జపాన్, ఇటలీ అన్నీ వచ్చి ఇక్కడే సైనిక స్థావరాలు పెట్టుకున్నాయి. అంతటితో వ్యాసం అయిపోతుంది.

నాకు ఈ కథతో పేచీ ఉంది. ఓడలు పక్క నుంచి పోతుంటే ఒడ్డున కూర్చున్నవాడికి పైసా రాదు. ఎరిత్రియాలోని అస్సాబ్ కూడా అదే జలసంధికి దగ్గర్లోనే ఉంది, ఒకప్పుడు పెద్ద రేవు, ఇప్పుడు అక్కడ చెప్పుకోదగ్గ వ్యాపారమే లేదు. యెమెన్‌లోని ఏడెన్ ఒకప్పుడు ప్రపంచంలోనే మహా రద్దీగా ఉండే రేవుల్లో ఒకటి, ఇప్పుడు దాని పరిస్థితి అందరికీ తెలుసు. మ్యాపులో చోటు ఈ మూడింటికీ ఇంచుమించు ఒకటే. తేడా ఎక్కడొచ్చిందంటే, ఓడ ఆగాలి, సరుకు దిగాలి, ఆ సరుకు కావాల్సిన వాళ్ళు వెనక నేల మీద ఉండాలి. జిబూటికి అలా వెనక ఉన్నది ఒకే ఒక్క దేశం, పన్నెండు కోట్లకు పైగా జనం ఉండి సముద్రం లేని ఇథియోపియా. ఆ ఒక్క బేరం మీదే జిబూటి బతుకుతోంది, కానీ రేవుల మీద, కోర్టు కేసుల మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా ఆ బేరాన్ని నిలబెట్టుకోవడం మీద పెట్టలేదు అనేది నా వాదన.

ఇంత గట్టిగా మాట్లాడడానికి కారణం, నేను రేవును ముందు అటు వైపు నుంచి, అంటే సరుకు కోసం ఎదురుచూసే వైపు నుంచి చూశాను. కొన్నేళ్ళు ఇథియోపియాలో ఒక యూనివర్సిటీలో పాఠాలు చెప్పాను. మనవాళ్ళకు ఇదేం వింత కాదు, అక్కడి యూనివర్సిటీల్లో తెలుగు లెక్చరర్లు బోలెడుమంది పని చేశారు, ఇటు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి పీహెచ్‌డీల కోసం వచ్చిన ఇథియోపియా విద్యార్థులూ చాలామందే. నేనున్న ఊరు అడిస్ అబాబా నుంచి జిబూటి వైపు పోయే దారిలో ఉండేది. పగలూ రాత్రీ ట్రెయిలర్ లారీలే. మా డిపార్టుమెంటుకు ఇండియా నుంచి రావాల్సిన ల్యాబ్ సామాను ఒకసారి జిబూటిలో దిగిందన్నారు, ఆ తర్వాత సెమిస్టర్ అయిపోయినా రాలేదు. కాగితాల దగ్గర ఆగిందా, లారీ దొరక్క ఆగిందా, డాలర్లు కట్టలేక ఆగిందా అంటే ఒక్కొక్కరూ ఒక్కో మాట. అప్పట్నుంచే నాకు ఈ రేవు మీద ఆసక్తి, కొంచెం కోపం కూడా.

జిబూటి ఎంత ఉంటుందో ముందు చెప్పాలి. విస్తీర్ణం 23,200 చదరపు కిలోమీటర్లు, మన ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దది. జనాభా పది లక్షల చిల్లర, అందులో ఎక్కువమంది రాజధానిలోనే. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు, సాగుభూమి లేదన్నట్టే. అనంతపురంలో కనీసం వేరుశనగ పండుతుంది. మన దగ్గర చాలామంది ఈ దేశం పేరు విన్నది 2015లో, యెమెన్ యుద్ధం మొదలైనప్పుడు. ఏడెన్‌లో చిక్కుకున్న మనవాళ్ళను నేవీ ఓడల్లో ఎక్కించి జిబూటికి చేర్చి, అక్కణ్ణుంచి విమానాల్లో ఇంటికి పంపించారు. ఆపరేషన్ రాహత్ అంటే అదే.

అసలు ఈ ఊరు పుట్టిందే ఇథియోపియా కోసం. ఫ్రెంచివాళ్ళు ఇక్కడ రేవు పెట్టి, 1897లో లోపలికి రైలు మార్గం మొదలుపెట్టారు. 1902కి పట్టాలు ఇథియోపియా కొండల అంచు దాకా వచ్చాయి, అక్కడ దిరె దావా అనే ఊరు ఆ రైలు వల్లే వెలిసింది. అడిస్ అబాబా చేరేసరికి 1917 అయింది. కాబట్టి 1977లో జిబూటికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి చేతిలో ఉన్న ఆస్తి రెండే, రేవు, ఆ పాత మీటర్ గేజి రైలు. అయినా అప్పట్లో ఇథియోపియాకు జిబూటి ఒక్కటే దిక్కు కాదు. ఎరిత్రియా దాని ఏలుబడిలోనే ఉండేది, అస్సాబ్, మస్సావా రేవులు సొంతవే. 1993లో ఎరిత్రియా విడిపోయింది, ఇథియోపియాకు సముద్రం పోయింది. పోయినా అస్సాబ్ వాడుకుంటూనే ఉన్నారు. 1998 మేలో ఆ రెండు దేశాలకూ సరిహద్దు యుద్ధం వచ్చింది, అస్సాబ్ దారి మూసుకుపోయింది, అక్కడికి పోవాల్సిన సరుకంతా రాత్రికి రాత్రి జిబూటి మీద పడింది. నేటికీ ఇథియోపియా విదేశీ వ్యాపారంలో నూటికి తొంభై పాళ్ళు ఇటునుంచే. ఈ సంగతి జిబూటి ప్రభుత్వ బ్రోషర్లలో ఎందుకు కనిపించదో ఊహించుకోవచ్చు. వాళ్ళ అదృష్టం మ్యాపులోంచి ఊడిపడలేదు, పక్కవాళ్ళ తగాదాలోంచి వచ్చింది. తగాదా ఏదో ఒకరోజు తీరుతుంది, లేకపోతే వేరే దారి పడుతుంది.

ఇంకో విషయం బయటివాళ్ళకు అంతగా తెలియదు. ఈ బేరం ఒకవైపుది కాదు. జిబూటి నగరానికి కరెంటులో పెద్ద భాగం 2011 నుంచి ఇథియోపియా లైన్ల మీదే వస్తోంది. 2017లో ఇథియోపియా నేల నుంచి నీళ్ళ పైపులైను వేశారు. కూరగాయలు అటునుంచే. వీటన్నిటికంటే ముఖ్యం ఖాత్. నమిలితే మత్తు, హుషారు ఇచ్చే ఆకు, జిబూటి మగవాళ్ళలో చాలామందికి మధ్యాహ్నం అది పడకపోతే రోజు గడవదు. ఆకు వాడిపోతే పనికిరాదు కాబట్టి కోసిన రోజే చేరాలి, ఇథియోపియా కొండల నుంచి ప్రతిరోజూ మధ్యాహ్నానికి దిగుతుంది, అది ఒక్కరోజు ఆలస్యమైతే ఊరంతా టెన్షన్. (ఆకు మోసే చిన్న ఇసుజు లారీలకు ఇథియోపియాలో జనం పెట్టిన ముద్దుపేరు అల్-ఖైదా. అవి ఎదురొచ్చినప్పుడు రోడ్డు దిగడమే మేలని మా డ్రైవరు నాకు మొదటి రోజే చెప్పాడు.) అంటే తాగే నీళ్ళు, వెలిగే దీపం, నమిలే ఆకు అన్నీ అటునుంచి వస్తుంటే, ఇటునుంచి పోయేది సముద్రం వాడుకునే హక్కు ఒక్కటే. ఇంత కలిసిపోయిన రెండు దేశాలు రేవును కూడా కలిసి నడుపుకోవాలి కదా? అలా జరగలేదు. జిబూటి ఇంటిని వాటాలుగా అద్దెకిచ్చే ఓనరులా నడిచింది.

మొదటి వాటా దుబాయ్‌ది. 2000లో దుబాయ్ పోర్టుల సంస్థ, తర్వాత డీపీ వరల్డ్ అయినది, పాత రేవు నిర్వహణ చేపట్టింది. 2006లో రాజధాని పక్కనున్న దొరాలె దగ్గర కొత్త కంటైనర్ టెర్మినల్‌కు 30 ఏళ్ళ ఒప్పందం కుదిరింది, 2009లో అది నడవడం మొదలైంది. లోతు 18 మీటర్లు, పెద్ద కంటైనర్ ఓడలు నేరుగా వచ్చి ఆగగలవు. పని బాగుంది, అందులో సందేహం లేదు, ఆ తీరంలో అలాంటి టెర్మినల్ అప్పటికి ఇంకొకటి లేదు. చిక్కంతా ఒప్పందంలోనే. దేశంలో కంటైనర్ల పని ఇంకెవరికీ ఇవ్వకూడదన్న షరతుకు జిబూటి ఒప్పుకుంది. ఒక దేశం తన తీరం మొత్తానికి కంటైనర్ల హక్కు ఒక్క కంపెనీకి రాసివ్వడం ఏం తెలివి? తర్వాత వాళ్ళకే అర్థమైంది. దుబాయ్ వాళ్ళు తమ జెబెల్ అలీ రేవు కోసం దొరాలెను ఎదగనివ్వడం లేదని ఆరోపించారు, లండన్‌లో కేసులు నడిచాయి, 2017 నవంబరులో కీలకమైన మౌలిక సదుపాయాల ఒప్పందాలను తిరగరాయొచ్చని చట్టం తెచ్చారు, 2018 ఫిబ్రవరి 22న అధ్యక్షుడి ఉత్తర్వుతో టెర్మినల్‌ను స్వాధీనం చేసుకున్నారు.

ఇక్కడ నా సానుభూతి కొంత జిబూటి వైపే. చెడ్డ ఒప్పందంలో ఇరుక్కున్న చిన్న దేశం ఎప్పటికీ నోరు మూసుకుని ఉండాలా? కానీ విడిపించుకున్న పద్ధతి ఖరీదైనది. 2019లో లండన్ ఆర్బిట్రేషన్ 38.5 కోట్ల డాలర్ల పరిహారం కట్టమంది. అంతకంటే పెద్ద దెబ్బ పక్కన పడింది. డీపీ వరల్డ్ 2016లోనే, సోమాలియా నుంచి విడిపోయామని సొంతంగా ప్రకటించుకున్న సోమాలీలాండ్‌లోని బెర్బెరాకు 30 ఏళ్ళ ఒప్పందం, 44.2 కోట్ల డాలర్ల పెట్టుబడితో వెళ్ళింది, అక్కడ కొత్త కంటైనర్ టెర్మినల్ 2021లో తెరిచింది. బెర్బెరా వెనక ఉన్న సరుకు ఎవరిది? మళ్ళీ ఇథియోపియాదే. అంటే జిబూటి తన ఇంట్లోంచి వెళ్ళగొట్టిన కంపెనీ, దాని ఒకే ఒక్క బేరాన్ని లాక్కోవడానికి నాలుగు అడుగుల అవతల దుకాణం తెరిచింది.

రెండో వాటా చైనాది. 2012 చివర్లో పోర్టు కంపెనీలో 23.5 శాతం వాటా చైనా మర్చంట్స్ సంస్థకు పోయింది. ఆ తర్వాత కట్టుబడి చూస్తే కళ్ళు తిరుగుతాయి. 2017 ఒక్క ఏడాదిలోనే దొరాలెలో 59 కోట్ల డాలర్ల మల్టీపర్పస్ పోర్టు, తజూరాలో ఇంకో రేవు, ఘుబెట్‌లో ఉప్పు కోసం వేరే రేవు తెరిచారు. ఆ ఏడాదే చైనా సైన్యం తమ దేశం బయట మొట్టమొదటి స్థావరాన్ని దొరాలె పక్కనే పెట్టుకుంది. 2018 జులైలో ఫ్రీ జోన్ (పన్ను మినహాయింపులుండే వ్యాపార వాడ) మొదటి దశ. మొత్తం పూర్తయితే 4,800 హెక్టార్లు, 350 కోట్ల డాలర్లు అని ప్రకటించారు.

తజూరా రేవు సంగతి కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే నా వాదన అంతా అందులోనే ఉంది. ఇథియోపియా ఉత్తరాన దనకిల్ పల్లంలో ఎరువుల్లో వాడే పొటాష్ ఖనిజం నిల్వలున్నాయి. దాన్ని ఎగుమతి చేయడానికని తజూరాలో రేవు కట్టారు. కానీ అక్కడ గని తవ్వాల్సిన పెద్ద కంపెనీల్లో ఒకటి, ఇజ్రాయెల్ కెమికల్స్, రేవు తెరవడానికి ముందే 2016లో ఇథియోపియా నుంచి తప్పుకుంది. అనుకున్న పొటాష్ రాలేదు. రేవు మాత్రం ఉంది. బెర్తులు, లోతు, కట్టడం అన్నీ బాగున్నాయి, రావాల్సిన సరుకే లేదు. సరుకు ఎవరిదో, ఎప్పుడొస్తుందో, ఏ రోడ్డు మీద వస్తుందో తేల్చుకోకుండా కాంక్రీటు పోస్తే ఇలాగే ఉంటుంది, ఇది జిబూటికే పరిమితమైన జబ్బు కూడా కాదు, తీరం ఉన్న ప్రతి ప్రభుత్వానికీ శంకుస్థాపన మీద ఉండే మోజు గనుల మీద, గోదాముల మీద, లారీల మీద ఉండదు.

ఇక రైలు. దాదాపు 400 కోట్ల డాలర్ల ఖర్చు, ఎక్కువ భాగం చైనా ఎగ్జిమ్ బ్యాంకు అప్పు, 750 కిలోమీటర్ల పొడవు, కొత్త స్టాండర్డ్ గేజి, కరెంటు రైలు. ఇథియోపియా వైపు 2016 అక్టోబరులో, జిబూటి వైపు 2017 జనవరిలో ప్రారంభోత్సవాలు చేశారు, వాణిజ్యపరంగా నడిచింది మాత్రం 2018 జనవరి నుంచి. అప్పుడే మొదలైన రైలుకు ఆ సెప్టెంబరులోనే ఇథియోపియా అప్పు గడువును ఇరవై ఏళ్ళు పొడిగించుకోవాల్సి వచ్చింది. లారీలో రెండు మూడు రోజులు పట్టే ప్రయాణం పన్నెండు గంటల్లో అయిపోతుందన్నారు. నడిస్తే నిజమే. కరెంటు పోయినప్పుడు ఆగుతుంది. పట్టాల మీదికి ఒంటెలు, పశువులు వస్తాయి, గుద్దితే పశువుల కాపర్లకు నష్టపరిహారం కట్టాలి. డీజిల్, పెట్రోలు చాలాకాలం ట్యాంకర్ల మీదే పోయాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా సరుకులో ఎక్కువ భాగం లారీల మీదే నడుస్తోంది, అంటే ఇథియోపియా దిగుమతిదారుడు అప్పు చేసి కట్టిన రైలుకూ డబ్బు కడుతున్నాడు, లారీకీ కడుతున్నాడు.

లారీలు పోయే దారి ఎలా ఉందో చూద్దామని సెలవుల్లో ఒకసారి గలాఫి సరిహద్దు దాటి జిబూటి దాకా వెళ్ళాను. ఇథియోపియా వైపు పర్వాలేదు. సరిహద్దు దాటాక రెండొందల కిలోమీటర్లకు పైగా ఉండే ఆ దారిలో కొన్ని చోట్ల తారు ఎక్కడుందో వెతుక్కోవాలి. లారీలు రోడ్డు వదిలేసి పక్కనున్న రాళ్ళ మైదానంలో తమకు తోచిన దారి తొక్కుకుంటూ పోతున్నాయి, దుమ్ములో ముందు లారీ కనిపించదు. దేశానికి అన్నం పెట్టే దారి అది. అటు దొరాలెలో క్రేన్లు మిలమిలలాడుతున్నాయి. అడిగితే పోర్టు మనిషి ఒకాయన, రోడ్డు మా శాఖ కిందికి రాదండీ అన్నట్టు చేతులు తిప్పాడు. అంటే రేవు గేటు దాటాక ఆ సరుకు ఏమైనా వాళ్ళకు సంబంధం లేదు.

సంబంధం ఉంటుంది. 2015, 2016లో ఇథియోపియాలో పెద్ద కరువు వచ్చింది. గోధుమలు మోసుకొచ్చిన ఓడలు జిబూటి బయట వారాల తరబడి నిలబడ్డాయి, ఎందుకంటే అదే సమయానికి నాట్ల కోసం ఎరువుల ఓడలు కూడా వచ్చాయి, ఏది ముందు దించాలో తెలియదు, దించింది మోయడానికి లారీలు చాలవు. ఓడ ఆగిన ప్రతి రోజుకూ డెమరేజ్, అంటే ఆలస్యానికి ఓడవాళ్ళకు కట్టే జరిమానా, అదీ డాలర్లలో. ఆకలి ఇథియోపియాది, డెమరేజ్ బిల్లు కూడా ఇథియోపియాదే. కష్టకాలంలో జరిగిన ఇలాంటివి దేశాలు మర్చిపోవు. నా క్లాసులో పిల్లలు కూడా, రాజకీయాల్లో ఒకరితో ఒకరికి ఏ మాత్రం పడనివాళ్ళు, జిబూటి మాట వస్తే మాత్రం ఒక్కటయ్యేవాళ్ళు. రేవు ఫీజుల కింద ఏడాదికి వంద కోట్ల డాలర్లు పోతున్నాయని అక్కడ అందరి నోటా వినిపించే మాట. లెక్క అటూ ఇటూ అయినా, డాలర్ల కటకటతో మందులకు కూడా ఇబ్బందిపడే దేశంలో ఆ అంకె ఎంత మంట పుట్టిస్తుందో వేరే చెప్పాలా?

ఆ మంటే 2023 అక్టోబరులో బయటపడింది. ప్రధాని అబీ అహ్మద్ టీవీలో ఎర్ర సముద్రం తమకు జీవన్మరణ సమస్య అన్నాడు. 2024 జనవరి 1న సోమాలీలాండ్‌తో అవగాహన ఒప్పందం మీద సంతకం పెట్టాడు, ఇరవై కిలోమీటర్ల తీరం లీజుకు తీసుకోవడానికి. సోమాలియా భగ్గుమంది, ఏడాదంతా గొడవ, చివరికి డిసెంబరులో టర్కీ మధ్యవర్తిత్వంతో అంకారాలో ఒక ప్రకటన చేసి చల్లబరిచారు. యుద్ధం చేసైనా తీరం తెచ్చుకుంటాం అన్నట్టు వినిపించే అబీ మాటలను నేను సమర్థించను, ఎరిత్రియాతో మళ్ళీ యుద్ధం వస్తే పోయేది సరిహద్దులోని అఫార్, టిగ్రాయ్ ప్రాంతాల పల్లెల్లోని జనమే. కానీ ఆ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోకుండా ఆయన్ను తిట్టి వదిలేస్తే సరిపోదు. ఈ గొడవ నడుమ 2024 ఆగస్టు చివర్లో జిబూటి విదేశాంగ మంత్రి మహమూద్ అలీ యూసుఫ్ తజూరా రేవు నిర్వహణను పూర్తిగా ఇథియోపియాకే ఇస్తామన్నాడు. ఏ తజూరా? పొటాష్ రాని తజూరాయే. ఇరవై ఏళ్ళ కిందట దొరాలెలో వాటా ఇచ్చి ఉంటే అది స్నేహం అనిపించుకునేది. బేరం చేజారేలా ఉన్నప్పుడు ఖాళీగా ఉన్నది చూపించడం వేరు.

ఇథియోపియా ఎక్కడికి పోతుందిలే అనేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో పస లేకపోలేదు. సుడాన్ 2023 ఏప్రిల్ నుంచి అంతర్యుద్ధంలో ఉంది. కెన్యాలో లము రేవు మొదటి బెర్తు 2021లో తెరిచినా అక్కణ్ణుంచి అడిస్‌కు దూరం, దారి కష్టం. అస్సాబ్ దగ్గరే కానీ ఎరిత్రియాతో మాటల్లేవు. బెర్బెరా సోమాలియా గొడవలో ఉంది. నిజమే, ఈరోజుకు జిబూటిని దాటి పోయే దారి లేదు. కానీ ఇథియోపియాకు సగం సరుకు తీసుకుపోవాల్సిన పని కూడా లేదు, బెర్బెరాకు నూటికి ఇరవై, ముప్పై పాళ్ళు మళ్ళినా చాలు, జిబూటి అప్పుల లెక్కలు తలకిందులవుతాయి. 2022లోనే చైనాకు, కువైట్‌కు అప్పు వాయిదాలు కట్టడం ఆపేసిన దేశం ఇది.

మరి సైనిక స్థావరాల అద్దెల సంగతేంటి? అమెరికా 2014 ఒప్పందం ప్రకారం ఏడాదికి 6.3 కోట్ల డాలర్లు ఇస్తుంది, మిగతావాళ్ళవి కూడా కలుపుకుంటే ఖజానాకు మంచి రాబడే. 2023 నవంబరు నుంచి యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీలు ఓడల మీద దాడులు మొదలుపెట్టాక ఒక రేవులో దించి ఇంకో ఓడకు మార్చే కంటైనర్ల పని కూడా కొంత జిబూటికి పెరిగింది. వీటిని చూసి ఆఫ్రికా సింగపూర్ అని మళ్ళీ పాట మొదలుపెట్టారు. సింగపూర్‌లో ఓడలు మరమ్మతు చేసేవాళ్ళు, ఇన్సూరెన్సు రాసేవాళ్ళు, చమురు శుద్ధి చేసేవాళ్ళు, బ్యాంకులు ఉన్నాయి, ఒక పొరుగు దేశం అలిగితే కూలిపోదు. జిబూటిలో రేవు గేటు నుంచి కొంచెం దూరం పోతే బల్బలా వస్తుంది, రేకుల ఇళ్ళ మహా బస్తీ. క్రేన్లకు, స్థావరాలకు కావాల్సింది కొద్దిమంది మనుషులే. అద్దె డబ్బు నేరుగా ప్రభుత్వానికి పోతుంది, 1999 నుంచి ఒకే అధ్యక్షుడు ఇస్మాయిల్ ఒమర్ గెల్లె. అద్దె మీద బతికే ప్రభుత్వానికి రోడ్డు గుంత కనిపించదు, ఎందుకంటే గుంత వల్ల అద్దె తగ్గదు. సరుకు మీద బతికే ప్రభుత్వానికి కనిపించాలి.

నన్నడిగితే కొత్త రేవులు ఇక చాలు. గలాఫి రోడ్డు ముందు, రైలుకు కరెంటు, పట్టాల కంచె తర్వాత. దొరాలె కంటైనర్ టెర్మినల్‌లో ఇథియోపియా షిప్పింగ్ సంస్థకు వాటా, బోర్డులో కుర్చీ ఇచ్చి, చార్జీలు ఎంతో, ఎప్పుడు పెంచుతారో, ఎరువుల కాలంలో ఏ ఓడ ముందో ఇద్దరూ కూర్చుని రాసుకోవాలి. సముద్రం లేకపోయినా ఆ దేశానికి 1964లో మొదలైన సొంత షిప్పింగ్ లైను ఉంది, అడిస్ దగ్గర మోజోలో పెద్ద డ్రై పోర్టు (రేవు నుంచి వచ్చిన కంటైనర్లు దించుకునే నేల మీది యార్డు) ఉంది, అంటే పని తెలియనివాళ్ళతో చేసే పొత్తు కాదు. దీనివల్ల జిబూటికి ఒక్కో కంటైనర్ మీద వచ్చే లాభం తగ్గుతుంది, అందులో అనుమానం లేదు. సార్వభౌమత్వం పోతుందని అక్కడి పెద్దలు అంటారు. అయిదు దేశాల సైన్యాలకు చోటిచ్చినప్పుడు పోని సార్వభౌమత్వం, తాగే నీళ్ళు పంపే పొరుగువాడికి బోర్డులో ఒక కుర్చీ ఇస్తే పోతుందంటే నేను నమ్మను.